"గమనించండి" అంటే యోగా నేర్పినట్టేనా?

పొద్దున్నే_లేస్తా: మా అపార్ట్‌మెంట్‌కి కొత్త యోగా మేడమ్ వచ్చారు. పాత మాస్టారు సూర్యనమస్కారాలు 12 రౌండ్లు చేయించి చెమటలు పట్టించేవారు. ఈవిడ తాడాసనంలో పది నిమిషాలు నిలబెట్టి "బరువు మడమ మీదుందా, బొటనవేలి మీదుందా, గమనించండి" అంటారు. కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో నా తల మోకాళ్లకి జానెడు దూరంలో ఆగిపోయినా పట్టించుకోరు. నిలబడ్డానికా నెలకి 1500?

కృష్ణ_ఒడ్డు: తల మోకాళ్లకి తగిలితే ఏమొస్తుందండీ? ఆ పంతంలో తుంటి దగ్గర వంగాల్సింది పోయి వీపు గూనిలా వంచేస్తాం. మోకాళ్ల కింద దుప్పటి మడత పెట్టి చూడండి. తొడ వెనక లాగడం ఎక్కడ మొదలవుతోందో అప్పుడు తెలుస్తుంది. యోగసూత్రాలు రాసిన పతంజలి కూడా ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడే గానీ కొలతలేం ఇవ్వలేదు. ఒళ్లు విరుచుకునే యోగం జెట్టిసాము (కుస్తీ) కన్నా చింతాకు తక్కువని వేమన ఎప్పుడో తేల్చేశాడు.

పొద్దున్నే_లేస్తా: ఆ లెక్కన వేమన మీ దుప్పటి మడతని మాత్రం వదులుతాడా :)

కీళ్ల_కబుర్లు: నేను ఫిజియోథెరపిస్టుని. మేడమ్ పద్ధతి మంచిదే. "మీ శరీరం చెప్పేది వినండి" అనే మాటతోనే నాకు పేచీ. అది అన్నీ చెప్పదు. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారుతుంటే నొప్పేమీ తెలియదు, కానీ అలాంటివాళ్లు నడుం బాగా ముందుకి వంచితే వెన్నుపూస చితికే ప్రమాదం ఉంది. కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లకి మోకాలు వెనక్కి విల్లులా వంగినా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. వాళ్లని టీచరే కనిపెట్టాలి.

కృష్ణ_ఒడ్డు: కనిపెట్టడం వేరు, చెయ్యేసి నొక్కడం వేరు. ఒక మాస్టారు అడక్కుండా వీపు మీద నొక్కితే నెల్రోజులు వంగి చెప్పులు వేసుకోలేకపోయాను.

కీళ్ల_కబుర్లు: అడక్కుండా తాకకూడదు, అందులో వాదనే లేదు. అలాగని ఊరికే "గమనించండి" అంటే ఏం గమనించాలో సగంమందికి అర్థం కాదు. ఏదో ఒక పని ఇవ్వాలి. గోడకి చెయ్యి ఆనేంత దగ్గర వృక్షాసనంలో, అంటే ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోమనండి. చూపు ఆసరా పోగానే పాదం, చీలమండ ఎంత తంటాలు పడతాయో వాళ్లకే తెలుస్తుంది.

పొద్దున్నే_లేస్తా: ఇప్పుడే చేశా. నాలుగు సెకన్లు! మా ఆవిడ ఇరవై దాటించి ఇంకా నవ్వుతోంది. అది సరేగానీ, మా అమ్మకి 68, నాతోపాటే ఆ క్లాసుకి వస్తుంది. ఎముకల సంగతి మేడమ్ ఇంతవరకూ అడగలేదు. రేపు ముందు అది తేల్చుకోవాలి.