ఎలెక్టర్లను శాసనసభలే ఎంచుకోవడం: హక్కా, ఎత్తుగడా?

గట్టుమీద గోపి:
అధ్యక్షుడికి ఓటేసే ఎలెక్టర్లను ఎలా నియమించాలన్నది రాష్ట్ర శాసనసభల ఇష్టానికే వదిలేసింది అమెరికా రాజ్యాంగం. అధ్యక్ష పదవికి ఆడమ్స్, జెఫర్సన్ తలపడిన 1800లో చాలా రాష్ట్రాల్లో శాసనసభ్యులే ఆ పని కానిచ్చేశారు. నన్నడిగితే జనం ఓటు లాక్కోవడమే. కాదంటారా?

పాత పేజీ:
కాదనే అంటాను. ఆ సభ్యులను గెలిపించింది ఓటర్లే కదా. ఆ ఏడాది న్యూయార్క్ సభ ఎన్నికల్లో ఆరన్ బర్ జెఫర్సన్ పక్షాన్ని దగ్గరుండి గెలిపించాడు. గెలిచినవాళ్ల చేతికి 12 మంది ఎలెక్టర్లు వస్తారని ఓటేసినవాళ్లకు తెలియదా?

గట్టుమీద గోపి:
మరి మసాచుసెట్స్ సంగతేంటండీ? 1796లో అక్కడ జిల్లాల వారీగా జనం ఓటేశారు. 1800లో ఆడమ్స్‌కు ఒక్క ఓటూ జారకూడదని శాసనసభే ఎంపిక చేసేసింది. 16కి 16 ఆయనకే!

కృష్ణలంక కుర్రాడు:
వర్జీనియాను వదిలేశారేం గోపీగారూ? 1796లో జిల్లాల పద్ధతి వల్ల అక్కడ ఆడమ్స్‌కు ఒక ఓటు పడింది. దాంతో 1800కి రాష్ట్రమంతటికీ ఒకే జాబితా పెట్టారు, 21కి 21 జెఫర్సన్‌కే. ఓటేసింది జనమే, ఆట మాత్రం అదే.

ఆడమ్స్ పార్టీ (ఫెడరలిస్టులు) నాయకుడు హామిల్టన్ ఉత్తరం ఇంకా రుచిగా ఉంటుంది. న్యూయార్క్ సభ ఎన్నికల్లో తన పార్టీ ఓడిపోయాక, మే 7న గవర్నర్ జాన్ జేకి రాశాడు: పాత సభ గడువు తీరేలోగా సమావేశపరిచి, జిల్లాల వారీగా జనమే ఎన్నుకునేట్టు చట్టం మార్చమని. జే కూడా ఆ పార్టీవాడే. అయినా, ఇది పార్టీ కోసం చెప్పిన పని, నాకు తగదు అని ఆ ఉత్తరం మీదే రాసి పక్కన పడేశాడు. జనం ఓటు కావాలన్నది ఎవరో, ఎప్పుడో చూశారా? ఎవరు ఎన్నుకున్నా నాకు పేచీ లేదు, లెక్కలు చూసుకుని రూల్ మార్చడమే మోసం.

పాత పేజీ:
శాసనసభ పద్ధతిలో అసలు చిక్కు రెండు సభలు కొట్టుకున్నప్పుడు. 1789లో న్యూయార్క్ అసెంబ్లీ, సెనేట్ తేల్చుకోలేక ఒక్క ఎలెక్టర్నీ పంపలేదు. వాషింగ్టన్ ప్రమాణం చేసిందేమో ఆ న్యూయార్క్ నగరంలోనే! 1800లో పెన్సిల్వేనియా ఇదే గొడవలో పడి, 8–7గా పంచుకుని బయటపడింది.

గట్టుమీద గోపి:
అంటే నా మాటే మీరూ అంటున్నారు :) అందుకే 1832 నాటికి సౌత్ కరోలినా ఒక్కటే మిగిలింది. అదీ 1860 దాకా వదల్లేదనుకోండి.

కృష్ణలంక కుర్రాడు:
వాడుక పోయింది గానీ అధికారం పోలేదు. మిషిగన్ డెమొక్రాట్లు జిల్లాల పద్ధతి తెస్తే, 1892లో మెక్‌ఫర్సన్ కేసులో సుప్రీంకోర్టు అది శాసనసభ ఇష్టమేనంది. వాళ్లెందుకు తెచ్చారో వేరే చెప్పాలా?