పసరు వాసన సెంటులో ఉండాలా, వద్దా?

కనకాంబరం:
కూరలోనే పచ్చివాసన పోయేదాకా వేయిస్తాం. డబ్బు పోసి కొన్న సెంటులో పసరు వాసన దేనికండీ? మొన్నొక గ్రీన్ పెర్‌ఫ్యూమ్ తెచ్చుకున్నాను. కొట్టుకోగానే పచ్చి క్యాప్సికం కోసినట్టుంది. ఆకు వాసన మొదటి అయిదు నిమిషాలకే బాగుంటుంది. ఒంటిమీద నిలవాల్సింది పువ్వు, చందనం.

మరువం:
కనకాంబరం గారూ, అది గల్బనం అయివుంటుంది. ఇరాన్‌లో పెరిగే ఫెరులా మొక్కల జిగురు. మన ఇంగువ మొక్కదీ ఆ జాతే. క్యాప్సికానికి ఆ పచ్చివాసననిచ్చే పైరజీన్ అనే పదార్థమే అందులోనూ ఉంది. 1947లో బాల్మాన్ సంస్థకు 'వాన్ వెర్' అనే సెంటు చేసిన జెర్మేన్ సెలియే దాన్ని దండిగా వేశారు.

అయిదు నిమిషాల మాట మాత్రం ఒప్పుకోను. మా అమ్మ ఉత్త మల్లెలు మూర కొన్నా, ఇంటికొచ్చి మధ్యమధ్య మరువం రెమ్మలు పెట్టి మళ్లీ కట్టేది. రాత్రికి మల్లెల అంచులు గోధుమరంగుకి తిరిగి, మత్తు ముదిరి తలనొప్పి తెచ్చేవి. అప్పుడు ఆ రెమ్మ కాస్త నలిపితే మాల మళ్లీ తేరుకునేది. పువ్వుకు ఆకు చేసే పని అది.

వట్టివేరు:
అలాగైతే మరువం, దవనం నూనెలే వాడొచ్చుగా! పసరు వాసన కోసం సెంట్లలో వేసే 'ఆకు ఆల్కహాల్', ల్యాబ్‌లో చేసిన ఆ కోసిన గడ్డి వాసన పదార్థం, దేనికి?

మరువం:
కోసిన గడ్డి వాసన ఆకులో ముందే దాగి ఉండదండీ. తెగిన చోట ఎంజైములు ఆకులోని లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాన్ని విరిచాక పుడుతుంది, పుట్టీపుట్టగానే గాలిలో కలిసిపోతుంది. దవనమే చూడండి. ఆరబెట్టి, ఆవిరి పట్టి తీసిన నూనెలో మాలలోని పచ్చిదనం పోయి, మాగిన పళ్ల తీపి వస్తుంది. చాలా గొప్ప నూనె, నాకు ప్రాణం. కానీ అది వేరే వాసన. వయొలెట్ ఆకు అబ్సల్యూట్‌లో, అంటే ద్రావకంతో తీసిన చిక్కటి సారంలో, కొంత పసరు మిగులుతుంది, అదీ దోసకాయ తొక్క వైపు పోతుంది. తెగిన ఆకు కావాలంటే ఆ ఆల్కహాలే దారి. ఆకులో పుట్టేదీ అదే అణువు.

కనకాంబరం:
అంటే నిలవదని మీరూ ఒప్పుకున్నట్టేగా?

మరువం:
ఆ ఒక్కటి నిలవదు, నిజమే. ఆ ఆల్కహాల్ నుంచి చేసే సాలిసిలేట్ అనే పదార్థం నిలుస్తుంది. పేపరు పట్టీ మీద రాత్రి వేసి పడుకుంటే పొద్దున్నా ఉంది. కోసిన గడ్డిలా కాదు, తడి ఆకుల మధ్య విచ్చిన పువ్వులా. మల్లె సెంటు కలిపినప్పుడల్లా రెండూ వేస్తాను. మీ సీసా పారేయకండి. మల్లె సెంటు రాసుకుని, పైన ఒక్క చుక్క వేసి, గంట ఆగి ఎలా ఉందో ఇక్కడ రాయండి.