ఉప్పునీటి గట్ల మీద తిరిగిన 1990 నాటి జీపు: ముందు ఇంజను విప్పాలా, ఛాసిస్ చూడాలా?

విడవలూరు రైతు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1990లో కొన్న మహీంద్రా ఎమ్ఎమ్ 540 జీపును ఇంటి దగ్గరే బాగు చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. మొదటి పదేళ్ళు అది వరి పొలాలకు, ఊరి పనులకు తిరిగింది. మేము రొయ్యల సాగులోకి దిగాక మేత బస్తాలు, డీజిల్ డబ్బాలు, ఏరేటర్ మోటార్లు మోస్తూ గుంటల గట్ల మీదే తిరిగింది. వానల్లో ట్రాక్టరు కూడా జారిపోయే బంకమట్టి గట్టు మీద నాన్నగారు ఫోర్‌వీల్ వేసుకుని ఒక్కరే మేత చేరవేసేవారు. ఆరేళ్ళుగా బండి చావిడిలో కదలకుండా ఉంది. ఆయన నిరుడు కాలం చేశారు. తుక్కు కింద అడిగినవాళ్ళు వచ్చారు గాని, ఇవ్వడానికి మనసొప్పలేదు.

ఇంజను పట్టేయలేదు, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి తిప్పితే తిరుగుతోంది. ఆపేయక ముందు పొద్దున్నే స్టార్ట్ చేస్తే చాలాసేపు తెల్ల పొగ వచ్చి, వేడెక్కాక తగ్గేది. డ్రైవరు కాళ్ళ కింద రేకు తినేసి నేల కనబడుతోంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటితే స్టీరింగు విపరీతంగా ఊగేది. మా ఊరి మెకానిక్కు ముందు ఇంజను దించి బోరు చేయించమంటున్నారు (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను మళ్ళీ తొలిపించడం). మరొకరు ఆ ఇంజను తీసేసి, పాత కమాండర్‌లోని 2523 సీసీ డీఐ (డీజిలు నేరుగా సిలిండరులోకే పడే రకం) ఇంజను పెట్టమంటున్నారు. నా దగ్గర వెల్డింగు సెట్టు, గ్రైండరు, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

ఒంగోలు పాత మిస్త్రీ:

నాయనా, తండ్రి వాడిన బండిని నిలుపుకోవాలన్న మీ ఆలోచన నాకెంతో నచ్చింది. నేను ముప్పై ఏళ్ళు జీపుల పనే చేశాను. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే బళ్ళనూ చూశాను, కొత్తపట్నం వైపు సముద్రపు గాలిలో తిరిగి వచ్చే బళ్ళనూ చూశాను. క్వారీ బండికి కమాను కట్టలు (ఇరుసుల మీది స్ప్రింగు పట్టీలు) విరుగుతాయి, బుష్షులు అరుగుతాయి. అవి కంటికి కనబడే రోగాలు. ఉప్పునీటి బండి పైకి నిక్షేపంగా కనబడుతూనే లోపల గుల్లబారి ఉంటుంది. అందుకని ఇంజను మీద ఒక్క రూపాయి పెట్టకముందు ఛాసిస్, అంటే బండినంతా మోసే కింది ఇనుప చట్రం చూడండి. ఇంజను పాడైతే మళ్ళీ చేయించుకోవచ్చు. ఛాసిస్ పోయిన బండికి ఎంత మంచి ఇంజను కూర్చినా ఆ డబ్బు దక్కదు.

ముందు బండిని మంచినీళ్ళతో, ప్రెషర్ పంపుతో అడుగు నుంచి కడిగి, రెండు రోజులు బాగా ఆరనివ్వండి. ఉప్పు లోపల ఉండగా పైన ఏ రంగు వేసినా ఏడాది తిరగకముందే పొక్కులు లేస్తుంది. తర్వాత చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా జానెడుకొక దెబ్బ వేస్తూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. శబ్దం మారిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టి, స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. కమాను కట్టల బ్రాకెట్ల మొదళ్ళు, వెనక క్రాస్ మెంబరు (ఛాసిస్ రెండు పక్కలనూ కలిపే అడ్డ దూలం), బాడీ బోల్టులు కూర్చునే చోట్లు, బ్యాటరీ కింది భాగం, లోపల మట్టి నిలిచే మూసిన చోట్లు ముందుగా పోతాయి. ఆ తర్వాత ముందు ఎడమ బ్రాకెట్ పిన్ను నుంచి వెనక కుడి పిన్నుకు, మళ్ళీ ముందు కుడి నుంచి వెనక ఎడమకు టేపు పట్టి కొలవండి. రెండు కొలతలకూ తేడా 5 మిల్లీమీటర్లు దాటితే నేను వెల్డింగు జోలికి పోను, ముందు వంకర తీయిస్తాను.

అతుకు వేయవలసి వస్తే ఛాసిస్ ఎంత మందముందో అంతే మందమున్న ప్లేటు వాడండి. ప్లేటు చివరలను నిలువుగా తిన్నగా కోయకుండా ఏటవాలుగా కోయాలి. తిన్నగా కోస్తే బరువంతా ఒకే గీత మీద పడి సరిగ్గా అతుకు పక్కనే చీలుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు, డైనమో వైర్లు విప్పండి, డీజిల్ ట్యాంకును దించి దూరంగా పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎంత తొందరగా ఉన్నా దూరవద్దు; కింద గట్టి స్టాండ్లు ఉండాలి. ఈ ఒక్క మాట నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రవాడికీ మొదటి రోజే చెప్పేవాణ్ణి.

ఇంజను మార్పు నేను ఒప్పుకోను. మీది 2112 సీసీ ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజను. దానిలో డీజిలు ముందుగా చిన్న గదిలో అంటుకుని ఆపైన సిలిండరులోకి వస్తుంది కనుక, చల్లగా ఉన్నప్పుడు హీటర్ ప్లగ్గులు పనిచేయకపోతే మీరు చెప్పిన తెల్ల పొగే వస్తుంది. వేడెక్కాక తగ్గేదన్నారు కాబట్టి ముందు ప్లగ్గులను ఒక్కొక్కటిగా టెస్ట్ ల్యాంపుతో చూసి, ఆపైన డీజిలు చిమ్మే నాజిళ్ళు, డీజిల్ పంపు కాలిబ్రేషన్ (సరిచూసి సర్దడం) చేయించండి. కంప్రెషన్ కొలవకుండా బోరు మాట ఎత్తవద్దు.

కనిగిరి జీపు యజమాని:

మిస్త్రీ గారి మాటలు నూటికి నూరుపాళ్ళు నిజం గాని, నాదొక చిన్న భేదాభిప్రాయం. బండిని పూర్తిగా విప్పకముందు, సుత్తి పరీక్షలో ఛాసిస్ నిలబడేలా ఉందని తేలితే, కొత్త డీజిలు పోసి, బ్రేకులు పట్టేలా చేసుకుని, పొలంలో ఒక్కసారి నెమ్మదిగా నడిపి చూడండి. నేను నా బండిని విప్పి, ఏడాది పాటు ముక్కలుగా షెడ్డులో ఉంచి, చివరికి అంతా బిగించాక గేరుబాక్సులో మూడో గేరు జారుతోందని తెలుసుకున్నాను. ముందే నడిపి ఉంటే ఆ శ్రమ తప్పేది. పరీక్ష మాత్రం మెత్తటి నేల మీదే చేయాలి. ఈ జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. ఫోర్‌వీల్ వేసి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే చక్రాలు జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీదా జాయింట్ క్రాసుల మీదా పడుతుంది.

స్టీరింగు ఊగడానికి ఎక్కువసార్లు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్ను) బేరింగులు వదులు కావడమే కారణం. చక్రం పైకి లేపి, పైనా కిందా చేతులు పెట్టి ఊపితే ఆ వదులు తెలుస్తుంది. షిమ్ములనే పల్చటి రేకు బిళ్ళలు సర్ది దాన్ని బిగువు చేయవచ్చు. స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీలైన డ్రాగ్ లింకు, టై రాడ్ చివరలు కూడా అప్పుడే చూసుకోవాలి. ముందు చక్రాల వెనక గుండ్రంగా ఉండే నకిల్ బంతి మీద ఉప్పు తుప్పు గుంటలు పడితే కొత్త సీలు వేసినా ఆయిలు కారుతూనే ఉంటుంది, కాబట్టి బంతిని నునుపు చేయించాకే సీలు కొనండి. ముందు, వెనక ఇరుసుల గేర్లుండే రెండు హౌసింగుల ఆయిలూ దించి చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే గుంటల నీళ్ళు లోపలికి పోయినట్టే; అప్పుడు బేరింగులన్నీ విప్పక తప్పదు. ఇంకొక మాట: పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము విప్పినప్పుడు దాన్ని గాలితో ఊదకుండా తడిపి తుడవండి.

నెల్లూరు పత్రాల అనుభవజ్ఞుడు:

ఇనుము సంగతి పెద్దలు చెప్పారు, నేను కాగితాల గురించి చెబుతాను. సొంత బండికి రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళు, ఆపైన ఐదేళ్ళకొకసారి రెన్యువలు. క్రమంగా చేయించుకుంటూ వచ్చినా మీ బండిది 2020లో ముగిసి ఉండాలి. ముందుగా వారసునిగా మీ పేరుకు మార్చుకోవడానికి ఫారం 31, తర్వాత రెన్యువలుకు ఫారం 25 పెట్టుకోవాలి. ఆలస్యానికి రుసుములు పడతాయి, పాత పన్ను బకాయిలుంటే అవీ కట్టాలి. ఇవి ఎంతవుతాయో ఇనుము పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో తెలుసుకోండి.

ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. వేరే రకం ఇంజను కూర్చితే తనిఖీలో మీకు చిక్కు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఛాసిస్ నంబరు చెక్కిన చోట గ్రైండరు తగలనివ్వవద్దు. ఆ చోటిని వైరు బ్రష్షుతో మాత్రమే శుభ్రం చేసి, ఫొటో తీసి, గ్రీజు రాసి గుడ్డ కట్టి ఉంచండి. మా బంధువు ఒకరి బండికి రంగు వేసినవాళ్ళు ఆ నంబరు మీద పుట్టీ పెట్టేశారు. దాన్ని తిరిగి బయటపెట్టి ఇన్‌స్పెక్టరు గారిని ఒప్పించడానికి చాలా నెలలు తిరగవలసి వచ్చింది.

విడవలూరు రైతు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం కడిగి, ఆరబెట్టి, సుత్తితో చూశాను. ముందు భాగమంతా ఖంగుమంటోంది. వెనక ఎడమ కట్ట బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవరు లోపలికి దిగింది, వెనక క్రాస్ మెంబరు సగం తినేసింది. ఎదురెదురు మూలల కొలతల్లో తేడా 3 మిల్లీమీటర్లే ఉంది. నాలుగు హీటర్ ప్లగ్గుల్లో మూడు పనిచేయడం లేదు. ముందు హౌసింగు ఆయిలు మజ్జిగలాగే ఉంది. ఇంజను మార్చే ఆలోచన మానుకున్నాను, ఫారం 31 తయారు చేస్తున్నాను. క్రాస్ మెంబరు నేనే చేయించుకోవచ్చా? పని ఏ నెలల్లో పెట్టుకోవాలి?

ఒంగోలు పాత మిస్త్రీ:

3 మిల్లీమీటర్లే అన్నారు, సంతోషం. బ్యాటరీ, డైనమో, ట్యాంకు పనులు అయ్యాకే కోత మొదలుపెట్టండి. పాత క్రాస్ మెంబరును పారేయకుండా నమూనాగా పెట్టుకుని, ప్రెస్ బెండింగు ఉన్న షాపులో అదే మందం ప్లేటుతో వంపించండి. పాతది కోయకముందు ఛాసిస్ రెండు పొడవు పట్టాల మధ్య యాంగిలరు (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) అడ్డంగా వెల్డు చేసి నిలబెట్టాలి; లేకపోతే కోసిన వెంటనే పట్టాలు తెరుచుకుని మీ కొలత పోతుంది. కట్ట బ్రాకెట్లు కూడా ఒకేసారి రెండూ విప్పకండి, ఒక వైపు పూర్తయ్యాకే రెండోది.

ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా మన తీరంలో వానలు, తేమ. అప్పుడు ఇనుము బయటపెడితే రాత్రికే ఎర్రబడుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి, రోహిణి ఎండలు రాకముందే రంగు ముగించండి. శాండ్ బ్లాస్టింగు ఛాసిస్‌కు మాత్రమే చేయించండి, పల్చటి బాడీ రేకులు దానికి వంకరపోతాయి. బ్లాస్టింగు చేసిన నాడే, పొద్దు గుంకకముందే ఎపాక్సీ ప్రైమరు పడాలి. అడుగున నీళ్ళు పోయే రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసుకుని, మూసి ఉన్న గదుల లోపలికి మైనం స్ప్రే కొట్టండి. ముందు హౌసింగు విప్పిన రోజు లోపలి గేర్లయిన క్రౌన్ పినియన్ పళ్ళ ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.