పెరటి కోళ్ల దొడ్డికి ఏ నేల వేయాలి, ఎంత జాగా వదలాలి?

ప్రశ్న (తెనాలి దగ్గరి పల్లె నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు):

మా పెరట్లో బావికీ ప్రహరీకీ మధ్య 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల జాగా ఖాళీగా ఉన్నది. అందులో పన్నెండు వనరాజా జాతి పెట్టలనూ ఒక పుంజునూ పెంచాలని అనుకుంటున్నాను. వీధికుక్కల బెడద వల్ల వాటిని బయటికి వదలడం కుదరదు కనుక చుట్టూ జాలీ కట్టించి, ఒక మూల రాత్రి గూడు ఏర్పాటు చేస్తాను. మాది నల్లరేగడి నేల; నాలుగు చినుకులు పడితే చెప్పు ఊడివచ్చేంత జిగట. మేస్త్రీ మొత్తం సిమెంటు చేయించమంటున్నాడు, ఇంట్లో వాళ్లు ఇసుక పోస్తే చాలంటున్నారు. ఏది మేలు? పదమూడింటికి ఈ జాగా సరిపోతుందా? ముందుముందు పాతిక వరకు పెంచుకోవచ్చా?

జవాబు (సిద్దిపేట నుంచి, చాలా ఏళ్లుగా పెరటి కోళ్లు పెంచుతున్నవారు):

మాస్టారూ, జాగా లెక్క తేలికైనది, అది ముందు చెబుతాను. రాత్రి గూట్లో కోడికి దాదాపు రెండు చదరపు అడుగులు, పగలు తిరిగే దొడ్డిలో కనీసం పది చదరపు అడుగులు ఉండాలని నేను పెట్టుకున్న లెక్క. ఆరడుగులకు నాలుగడుగుల గూడు తీసివేసినా మీకు 176 చదరపు అడుగులు మిగులుతాయి. అంటే పదమూడింటికి తలా పదమూడు అడుగులకు పైనే. పాతికను పెడితే తలా ఏడుకు పడిపోతుంది. పూర్తిగా కట్టడిలో ఉండే కోళ్లకు అది ఇరుకు, ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం అక్కడే మొదలవుతుంది. పదమూడు దగ్గరే ఆగండి. అన్నట్టు, గడ్డి మీద ఆశ పెట్టుకోకండి. పదమూడు కోళ్ల కాళ్ల కింద ఆ జాగాలో రెండు నెలలకు ఒక్క పోచ కూడా మిగలదు.

నేల విషయంలో మేస్త్రీ మాట సగం సరైనది. రాత్రి గూటికి సిమెంటు కానీ బండలు కానీ వేయించండి, ఎందుకంటే పందికొక్కులు కింద నుంచి తవ్వుకొని వచ్చేది రాత్రిపూటే. దాని మీద నాలుగంగుళాల మందాన పొడి ఊక పరచి, వారానికి ఒకసారి పారతో తిరగవేస్తూ, తగ్గినప్పుడల్లా కొత్త ఊక కలుపుతూ ఉంటే నెలల తరబడి పూర్తిగా తీయనక్కర లేదు. ఊక తడి చూడడానికి గుప్పెడు తీసుకొని గట్టిగా పిండండి. చెయ్యి తెరవగానే విడిపోతే బాగున్నట్టు, ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. తెల్లవారుజామున గూట్లోకి వంగి, కోడి తల ఎత్తులో ముక్కు పెట్టి చూడండి. కళ్లు మండితే నిలబడిన మీకు తెలియని ఘాటును కోళ్లు రాత్రంతా పీలుస్తున్నాయన్నమాట. అలాంటప్పుడు తడిసిన ఊక తీసేసి, కొత్త పొడి ఊక కలిపి తిరగవేసి, గాలి ఆడేలా పై జాలీ తెరిచి ఉంచాలి.

పగటి దొడ్డికి మాత్రం సిమెంటు వద్దు. కోడికి కాలితో గీరడం, మట్టిలో పొర్లడం అన్నం నీళ్లతో సమానమైన అవసరాలు; సిమెంటు మీద అవి రెండూ పోతాయి. పైగా వనరాజా బరువైన జాతి, పుంజు మూడు కిలోలు దాటుతుంది, గరుకు నేల మీద దూకీ దూకీ అరికాళ్లకు పుండ్లు పడతాయి. అందుకే గూట్లో అవి ఎక్కి పడుకునే కర్రలను కూడా రెండడుగుల కంటే ఎత్తున కట్టకండి. అలాగని రేగడి మీద నేరుగా ఇసుక పోస్తే తొలకరికే ఆ ఇసుక జిగటలో కలిసిపోతుంది. ముందు అర అడుగు ఎత్తున మొరం (గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి) పోసి, దిమ్మిస కొట్టించి, ఒక వైపుకు వాలు పెట్టి, ఆపైన నాలుగంగుళాల ఇసుక పోయించండి. ఆ ఇసుక ఒక ట్రాక్టరు ట్రక్కు లోపే వస్తుంది. మొరం పోసిన మరునాడు రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో చూసిన తరువాతే ఇసుక దింపించుకోండి.

జవాబు (కడప జిల్లా నుంచి ఒక గృహిణి):

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక చేర్పు. మా గూటికి ఇల్లు కట్టగా మిగిలిన నాపరాళ్లు పరచి, సందుల్లో సిమెంటు పూయించాము. కడుగుతే ఇట్టే శుభ్రపడుతుంది. అయితే ఒక సంవత్సరం మిల్లు నుంచి వానలో తడిసిన ఊకను, ఎండితే సరిపోతుందిలే అని తెచ్చి పరిచాను. లోపల బూజు పట్టి ఉన్నదని గమనించలేదు. వారం తిరగకుండా కోడిపిల్లలు నోరు తెరుచుకొని రొప్పడం మొదలై, పద్దెనిమిదింటిలో ఏడు మిగిలాయి. అప్పటి నుంచి ఏ బస్తా అయినా మధ్యలో చెయ్యి పెట్టి వాసన చూడనిదే దింపించుకోను. వేరుశనగ పొట్టు అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మీ ఎండలు మాకు తీసిపోవు కనుక, ఇసుక మీద సగం జాగాకైనా తాటాకో కొబ్బరి మట్టల తడికో కప్పండి. జాలీ మీదికి ఆనప పాదు ఎక్కిస్తే నీడకు నీడ, కూరకు కూర. ఆ నీడలోనే రెండడుగుల వెడల్పు గుంటలో ఇసుకా పొయ్యి బూడిదా కలిపి పోయండి, మధ్యాహ్నం కోళ్లు అక్కడే పొర్లుతాయి.

ప్రశ్నించినవారు:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. మా వైపు దొరికే గ్రావెలు పోయించి, దిమ్మిస కొట్టించి, చెప్పినట్టే రెండు బిందెలు కుమ్మరించాను. నీళ్లు నిలవలేదు కానీ, నేరుగా బావి గట్టు వైపు పోయాయి. ఇంట్లో తాగడానికి కాకపోయినా వాడకానికి ఆ బావి నీళ్లే. ఇసుక తెప్పించవచ్చా?

జవాబు (సిద్దిపేట నుంచి):

ఇప్పుడే తెప్పించకండి. కోడిపెంట కలిసిన నీరు బావిలోకి దిగకూడదు. బావి వైపు నాలుగంగుళాలు ఎత్తి, వాలును ప్రహరీ వైపుకు తిప్పి, గోడ పొడవునా జానెడు వెడల్పు కాలువ తీసి, అది పోయి చేరే చోట అరటి పిలకలు నాటండి. గూడు కూడా బావికి దూరపు మూలకే రావాలి, చూరు మూడడుగులు ముందుకు ఉండాలి. జాలీ అడుగు భాగాన్ని మాత్రం ఇసుక పోయకముందే ఒక అడుగు లోతున పాతిపెట్టండి. అరంగుళం కన్నాల వెల్డు మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి జాలీ) తీసుకోండి, పల్చటి కోళ్ల జాలీని కుక్క పళ్లతో చీల్చేస్తుంది. ఇవన్నీ అయ్యాక మళ్లీ రెండు బిందెలు పోసి చూడండి.