ఒంగోలు ట్రంకు రోడ్డు పాత హోటల్: బోర్డు మీద ఏ సంవత్సరం వేయాలి?

కొత్తపట్నం బస్సు:
ట్రంకు రోడ్డులో మూతబడ్డ టిఫిన్, భోజనం హోటల్ మళ్ళీ తెరుస్తున్నారు. ముందు గచ్చు మిద్దె, వెనక వంటిల్లు మంగుళూరు పెంకు. బోర్డు మీద "స్థాపితం 1932" అని రాయిస్తారట. పెద్దవాళ్ళ మాట తప్ప ఆధారం లేదు. ఈసీలో (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ) 1983కి ముందు ఏమీ రావట్లేదు. ఎక్కడ వెతకాలి? ఇంకోటి, మిద్దె ఒక మూల కారుతోంది. పైన సిమెంటు పోసేద్దామంటున్నాడు మేస్త్రీ.

పాత దస్తావేజు:
ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టి పుస్తకాల్లో వెతికించాలి. డోరు నంబర్లు మారిపోయి ఉంటాయి కాబట్టి నాలుగు హద్దులూ, పాత యజమాని పేరూ రాయండి. జిల్లా పేరు చూసి తికమక పడొద్దు: ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత 1970 దాకా గుంటూరు జిల్లా.

అసలు సంగతేంటంటే, ఈసీలో కనపడేది స్థలం చేతులు మారడం, హోటల్ పెట్టడం కాదు. అద్దె కొట్టయితే అదీ ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో ఏడాదిలోపు అద్దె కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా. అందుకే పక్కిళ్ళ అమ్మకం దస్తావేజులకు నకళ్ళు తీయించండి, ఎవరైనా అడగొచ్చు. హద్దుల్లో "తూర్పు: ఫలానా వారి కాఫీ హోటలు" అని ఒక్క ముక్క దొరికితే చాలు, ఆ తేదీకి హోటల్ ఉన్నట్టే.

గల్లాపెట్టె:
పాత బిల్లులు పారేయకండి. "న.పై." అని అచ్చయి ఉంటే 1957 ఏప్రిల్‌కీ 1964 మేకీ మధ్యది. అచ్చు బిల్లులో అణాలుంటే అంతకు ముందుది అనుకోవచ్చు. చేత్తో రాసిన చిట్టాని మాత్రం నమ్మలేం, బేడా అణా లెక్క ఆ తర్వాతా కొన్నాళ్ళు నోట్లో నానింది.

పెంకు తిప్పి ముద్ర చూడండి. 1865 అని ఉంటే మురిసిపోవద్దు, అది బాసెల్ మిషన్ ఫ్యాక్టరీ పెట్టిన ఏడు. కామన్వెల్త్ (ఆ ఫ్యాక్టరీలు తర్వాత చేతికొచ్చిన కంపెనీ) అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతిది.

సున్నపు గానుగ:
సిమెంటు వద్దు! ఆ మిద్దెలో దూలాల మీద సన్న ఇటుకలు (దాదాపు 6×3×1 అంగుళాలు) నిలువంచున ఐమూలగా పేర్చి ఉంటాయి. పైన సున్నం, ఇటుక ముక్కలు మూడంగుళాల మందం, ఆపైన పలక పెంకు. సున్నం ఎండకీ వానకీ కాస్త కదులుతుంది, సిమెంటు కదలదు, చీలుతుంది. ఆ చీలికలో దిగిన నీళ్ళు ఆరవు. ముందు కుళ్ళేది గోడలో దిగిన దూలం కొస. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడవండి, మెత్తగా దిగితే ఆ దూలం మార్చాల్సిందే.

దానికంటే ముందు తూము చూడండి. మూల కారుతోందంటే చాలాసార్లు తూములో ఆకులో, పిట్టగోడ మొదట్లో మొలిచిన రావి మొక్కో కారణం. వేరుతో సహా తీసి, వదులైన గచ్చు తవ్వి, సున్నం, ఇటుక ముక్కలతో మళ్ళీ వేసి, బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుతూ చెక్కతో కొట్టాలి. చెక్క దెబ్బకి గుంట పడనంతవరకూ. పది రోజులు తడి ఆరనివ్వొద్దు. ఫిబ్రవరి, మే మధ్య పెట్టుకోండి, అక్టోబరు వానల్లో ఈ పని మొదలెట్టొద్దు.

కొత్తపట్నం బస్సు:
పెంకు తిప్పాం, కామన్వెల్త్ అనే ఉంది. 1932 సరిపోయినట్టేగా?

గల్లాపెట్టె:
ఒక్క పెంకుతో తేల్చొద్దు. కోతులు తొక్కినవి, గాలికి లేచినవి మారుస్తూనే ఉంటారు. వేర్వేరు చోట్ల పదైనా తిప్పండి. అన్నీ అదే ముద్రయినా అది ఇంటి కప్పు వయసు లెక్కే, హోటల్‌ది కాదు. పక్కింటి హద్దు దొరికేదాకా బోర్డు పెయింటర్‌ని ఆగమనండి.