కోడిని తింటే తప్పు లేదు, పామును తింటే తప్పా?

వేపచెట్టు:
మొన్న రాత్రి బాత్రూమ్‌లో బకెట్ వెనక పాము కనిపించింది. ముందు తడిసిన తాడు ముక్క అనుకున్నాను. వంగి తీయబోతుంటే ఆ తాడు మెల్లగా తల ఎత్తింది. నాకు కాళ్లు ఆడలేదు. ఎలాగో బయటపడి తలుపు వేసి, కింద సందులో తువ్వాలు కుక్కి, పాములు పట్టే ఆయనకు ఫోన్ చేశాను. విషం లేని పామేనని చెప్పి, సంచిలో వేసుకుని వెళ్లాడు. ఈ సంగతి చెబితే ఒక స్నేహితుడు "అనవసరంగా ఇచ్చేశావు, నేను టూర్‌లో పాము మాంసం తిన్నాను, బాగుంటుంది" అన్నాడు. వినగానే కడుపులో తిప్పింది. కానీ కోడిని, మేకను తినేదాన్ని, పామును తినడం తప్పని ఏ ముఖంతో అనగలను? అప్పటి నుంచి ఇంట్లో ఇదే వాదన. మీరేమంటారు?

రాత్రిపక్షి:
నేనూ తిన్నాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకునే దాకానే భయం. రుచి కోడికీ చేపకీ మధ్యలో ఉంటుంది. ఇబ్బందల్లా ఎముకలతోనే. తోక మొదలయ్యే దాకా దాదాపు ప్రతి వెన్నుపూసకీ ఒక జత పక్కటెముకలు. సూదుల్లాంటి ఆ ఎముకల మీది మాంసాన్ని పళ్లతో గీరుకోవాలి. విషమంటారా, అది తలలోని గ్రంథుల్లో ఉంటుంది, ఒంటి మాంసంలో ఉండదు. పైగా అది ప్రొటీన్, ఉడికిస్తే దాని గుణం పోతుంది. అసహ్యం అనేది ఉత్త అలవాటు. రొయ్యను ఎప్పుడూ చూడనివాడు దాన్నీ పురుగనే అంటాడు.

నిదానం:
రాత్రిపక్షి గారూ, మీరు చెప్పింది చాలా వరకు నిజమే. కానీ అంతటితో ఆపేస్తే ఎవరి ప్రాణం మీదకైనా వస్తుంది. తెగిపడిన పాము తల కూడా కరుస్తుంది. నరాల్లో చలనం వెంటనే ఆగదు, గంట గడిచినా నోటి దగ్గర వేలు పెడితే కోరలు దిగొచ్చు. చంపబోయి, పట్టబోయి కాటు తిన్నవాళ్లు ఎంతోమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పాము కాటుకు ఏటా 81,000 నుంచి 1,38,000 మంది చనిపోతున్నారు. వేపచెట్టు గారు తలుపు వేసి ఫోన్ చేశారు చూడండి, అందరూ చేయాల్సింది అదే.

ఇక మాంసం. ఆసియాలో రాబ్డోఫిస్ అనే రకం పాములు గోదురుకప్పలను తిని, వాటి విషాన్ని తమ మెడలోని గ్రంథుల్లో దాచుకుంటాయి. అది ప్రొటీన్ కాదు కాబట్టి ఉడికిస్తే పోతుందన్న ధీమా పనికిరాదు. సరిగ్గా ఉడకని పాము మాంసంతో స్పార్గానమ్ అనే బద్దెపురుగు పిల్ల మనిషి ఒంట్లోకి చేరుతుంది, కంట్లోకీ మెదడులోకీ పోతుంది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కొండచిలువలు విపరీతంగా పెరిగాయి, వాటిని చంపమని అక్కడి ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది. అయినా వాటి మాంసంలో పాదరసం ఎక్కువగా ఉండటంతో తినొద్దనే చెబుతున్నారు.

నా అసలు అభ్యంతరం అసహ్యం కాదు. ఆ పాము ఎక్కడి నుంచి వచ్చింది? కోడిని తినేవాళ్ల కోసం కోళ్లను పెంచుతారు. అడవిలో పట్టిన పాముకు లెక్కా లేదు, తనిఖీ లేదు. మీరు తిన్నది ఎక్కడిదో అడిగారా?

రాత్రిపక్షి:
అడగలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ పెంచే పాములున్నాయి కదా. థాయ్‌లాండ్, వియత్నాం ఫారాల్లో 4,601 కొండచిలువలను పరిశీలించిన అధ్యయనం 2024లో వచ్చింది. నెలల తరబడి మేత లేకపోయినా అవి పెద్దగా చిక్కలేదు. ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తిండి ఖర్చు చేయవు కాబట్టి తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒంటి పెరుగుదలకే పోతుంది. అలా పెంచినవి తింటే మీకు అభ్యంతరమా?

పచ్చగడ్డి:
నాకు అభ్యంతరమే. ఎలా చంపుతారు అన్నది ఎవరూ అడగడం లేదు. పాముల మెదడు ప్రాణవాయువు అందకపోయినా చాలాసేపు బతుకుతుంది. తల నరికేస్తే పని అయిపోయిందని మనం అనుకుంటాం, ఆ తలకు మాత్రం ఇంకా నొప్పి తెలుస్తూ ఉండొచ్చు. మెదడును క్షణంలో నాశనం చేసే పద్ధతి ఉంటేనే ఈ మాట ఎత్తాలి.

నిదానం:
పచ్చగడ్డి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రాత్రిపక్షి గారూ, ఫారంలో పుట్టిందని రుజువుంటే తినడాన్ని నేను తప్పు పట్టను. ఆ రుజువే కష్టం. ఇండోనేషియా నుంచి ఫారంలో పుట్టినవంటూ ఎగుమతి చేసిన ఆకుపచ్చ కొండచిలువల్లో ఎక్కువ భాగం అడవిలో పట్టినవేనని 2011లో పరిశోధకులు బయటపెట్టారు. అవి ఇళ్లలో పెంచుకోవడానికి కొన్నవి, మాంసానికి కాదు. అయినా కాగితం మీద ఒకటి రాసి సంచిలో ఇంకొకటి పంపే దారి మాంసానికైనా అదే.

వేపచెట్టు:
అందరికీ థాంక్స్. కడుపులో తిప్పడం తప్ప నా దగ్గర వేరే కారణం లేదని ఒప్పుకుంటున్నాను. అందుకే తినేవాళ్లను ఇక ఏమీ అనను, కానీ నేనైతే తినలేను. నిదానం గారి ప్రశ్నే నా స్నేహితుడినీ అడిగాను. అతనూ అడగలేదట, ఆ ఆలోచనే రాలేదన్నాడు. ఇంకో సంగతి, పాము నీళ్లు పోయే తూము గుండా వచ్చిందట. ఈ రోజే దానికి జాలీ బిగించాం.