అప్‌డేట్: వానొస్తే నెట్ పోయే సమస్య తీరింది

వాన మొదలవగానే రౌటర్ మీద ఎల్‌ఓఎస్ లైట్ (సిగ్నల్ అందట్లేదని చెప్పేది) ఎర్రగా వెలుగుతోందని, ఎండ కాశాక దానంతట అదే సర్దుకుంటోందని కాకినాడ నుంచి అడిగాను కదా. రౌటర్ మార్చకండి, ముందు బయటి ఫైబర్ చూపించండి అన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. మీరన్నదే నిజమైంది.

ఎండలో వచ్చి చూస్తే అంతా బాగానే కనపడుతుంది. అందుకే ఈసారి ముసురు కాస్త తెరిపి ఇవ్వగానే పట్టుబట్టి టెక్నీషియన్‌ను రప్పించాను. ఫైబర్‌లో వచ్చే కాంతి సిగ్నల్ బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 29 డీబీఎం! (డీబీఎం అంటే ఆ బలానికి కొలత; మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం.) మన ఇళ్లలోని ఫైబర్ మోడెంలకు మామూలుగా మైనస్ 27 వరకే హద్దు. స్తంభం మీది జాయింట్ బాక్సు మూత పగిలి ఉంది. లోపల నీళ్లు, చీమల గూడు. కనెక్టర్‌లోకి తడి చేరి సిగ్నల్ పడిపోతోంది. ఆ కనెక్టర్ తీసేసి, ఫైబర్ కొసలను స్ప్లైసింగ్ మెషిన్‌తో (వేడితో కరిగించి కలిపే యంత్రం) అతికి కొత్త బాక్సు పెట్టారు. వైరు వెంట నీళ్లు లోపలికి జారకుండా కింద చిన్న వంపు కూడా వదిలారు. ఇప్పుడు మైనస్ 21.

నిన్న కుండపోతగా కురిసినా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు ఆగలేదు. కరెంటు కోతలకు మాత్రం రౌటర్‌కి మినీ యూపీఎస్ తీసుకున్నాను.